రంగు కింద పగులు

ఇంజను పెట్టె మేకులు ఊడబీకి మూత ఎత్తగానే నాకు ముందు కనిపించింది కొత్త రంగు. నిగనిగలాడే బూడిద రంగు. పక్కన నిలబడ్డ మా బావ, అంటే మా అక్క మొగుడు, "సూసావా, పెళ్ళికూతుర్లాగుంది!" అన్నాడు. రంగు చూసి మురిసిపోయే ఉద్యోగం కాదు నాది. ఉక్కు కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళుగా తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. క్రేను కొక్కేలు, గేర్లు, షాఫ్టులు, వీటిలో ఏది పగిలిందో, ఏది పగలబోతోందో ముందే కనిపెట్టి చెప్పాలి. పాత సామాను మీద కొత్త రంగు కనిపిస్తే మా విభాగంలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ఏం దాచారు?

అప్పటికి నా విమానం మొదలుపెట్టి ఏడేళ్ళు. నా విమానం అంటే నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. నక్షలు కొనుక్కుని, ఇనప గొట్టాలు కోసి, చెక్కతో రెక్కల పక్కటెముకలు చేసి, గుడ్డ తొడిగి, ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నాను. పరవాడ పక్క పల్లెలో పుట్టినదాన్ని. బళ్ళో ఉండగా నెత్తిమీదుగా దిగే విమానాల కేసి చూసి పాఠం వినలేదని దెబ్బలు తిన్నాను. ఉద్యోగం, పెళ్ళి, కూతురి చదువు, అన్నీ అయ్యాక నలభై మూడో ఏట, ఇక ఎవరినీ అడిగేది లేదని మొదలుపెట్టాను. ఎలమంచిలి దగ్గర మా అత్తవారి తరఫు వాళ్ళకి మూతపడిన బియ్యం మిల్లు ఒకటి ఉంది. దాని గోదామే నా షెడ్డు. సెలవు రోజున ఉక్కునగరం క్వార్టర్ నుంచి దువ్వాడ స్టేషనుకి వెళ్ళి, పాసింజరు ఎక్కి ఎలమంచిలిలో దిగేదాన్ని. మా ఆయన కర్మాగారంలోనే క్రేను ఆపరేటరు. "నీ ఇష్టం. నన్ను ఎక్కమని మాత్రం అడక్కు" అనేవాడు. అంతకు మించి అడ్డు చెప్పలేదు.

నక్షల పుస్తకంలో ఫలానా విమాన ఇంజనే పెట్టాలని రాసి ఉంది. కొత్తది మా తాహతుకి అందేది కాదు. వాడినదైనా నికార్సైనది దొరికితే చాలనుకున్నాను. పాత యంత్రాల వ్యాపారం చేసే మా బావే వేరే ఊళ్ళో ఒక బ్రోకరుని పట్టుకొచ్చాడు. అతను పంపిన లాగ్ బుక్కులో ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పి బాగుచేశారు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. నేను ఆ అక్షరాలను నమ్మాను. ఉద్యోగంలో ఏనాడూ కాగితాన్ని నమ్మనిదాన్ని, నా సొంత విషయానికి వచ్చేసరికి నమ్మేశాను. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ పోలేదు.

ఇంజను విప్పడానికి రేవు పక్కనున్న పాతబస్తీ నుంచి భాయ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేపల రేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తూ నలభై ఏళ్ళు గడిపాడు. ఇంట్లోనే ఇనుము చెక్కే లేత్ మిషను ఉంది. విమానానికి కావలసిన చిన్నచిన్న సామాన్లు తొలినుంచీ ఆయనే చేసిపెట్టాడు. నన్ను సెల్లెమ్మా అంటాడు.

సిలిండర్లు తీశాం. లోపల వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్టు మీద తుప్పు తిన్న గుంటలు. భాయ్ వేలితో తడిమి, "గంటలు తక్కువన్నాడు గదా? ఇది తిరగడం మానేసి ఏళ్ళయినట్టుంది" అన్నాడు. అది మార్చుకోవచ్చు. నా కళ్ళు మాత్రం క్రాంక్ కేసు మీదే ఉన్నాయి. ఇంజను ప్రాణమంతా మోసేది ఆ అల్యూమినియం డొక్కే. ఒక బేరింగు పక్కన రంగు కాస్త మందంగా ఉంది. రంగు గీకాను. శుభ్రంగా తుడిచి, ఆఫీసులో రోజూ చేసే పరీక్షే చేశాను. ముందు ఎర్ర రంగు ద్రవం కొట్టి, అది ఇంకేవరకూ ఆగి, తుడిచేసి, పైన తెల్లపొడి చల్లాలి. పగులు ఉంటే లోపల దాక్కున్న ఎరుపు పైకి వస్తుంది.

వచ్చింది. తెల్లటి పొడి మీద జానెడు పొడవున, సన్నగా, వంకరగా ఎర్ర గీత. దాని పక్కనే ఎవరో వెల్డింగ్ చేసి, ఆకురాయితో అరగదీసి, పుట్టీ పూసి, రంగు వేశారు. ఆ అతుకు అంచునుంచే పగులు మళ్ళీ బయలుదేరింది.

వెల్డింగ్ చేయడం నేరం కాదు. చేయగలిగినవాళ్ళు చేసి, చేశామని రాస్తారు. ఇక్కడ రాయలేదు. దాచారు. ఈ ఇంజను పెట్టుకుని ఎవరో ఆకాశంలోకి వెళ్తారని తెలిసి దాచారు.

బ్రోకరుకి ఫోన్ చేశాను. పగులు సంగతి చెప్పాను.

"అమ్మా, ఒకసారి సార్‌కి ఇవ్వండి, మాట్లాడతాను" అన్నాడు.

"ఏ సారుకి?"

"మీవారికి. టెక్నికల్ విషయాలు కదా."

"కొన్నది నేను. విప్పించింది నేను. పగులు పట్టింది నేను. నాతో మాట్లాడండి."

"విప్పేశారా? విప్పాక ఇక మాకు సంబంధం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు అమ్మాం."

"ఉన్నది ఉన్నట్టా? రంగేసి అమ్మారు!" అని అరిచాను. మిల్లు రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయాయి. అవతల ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మా ఆయన ఫోన్ నుంచి చేస్తే మొదటి రింగుకే ఎత్తి, నా గొంతు వినగానే కట్ చేశాడు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో గిన్నెలన్నీ చప్పుడు చేశాయి.

బావ వచ్చి, "పోనీలే మరదలా. ఆడు నన్నూ మోసం సేసినాడు. ఏటి సేత్తాం? మళ్ళీ బిగించీసి, రంగేసి, ఇంకొకడికి అమ్మీద్దాం. మనం కొన్నట్టే ఆడూ కొంటాడు" అన్నాడు.

"నువ్వు మనిషివేనా బావా?" అన్నాను.

"నానేటి తప్పన్నాను? లోకంలో అందరూ సేసీదే."

"ఇంకోసారి ఆ మాటంటే అక్కతో చెప్తాను." అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఇంజను పనికిరాదని తేలాక మరి ఏం పెట్టాలి? ముందు నేను పాత స్కూటర్లకి ఉండేలాంటి రెండు స్ట్రోకుల ఇంజను అన్నాను. తేలిక, చవక, చిన్న విమానాలకి చాలామంది వాడతారు. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "అవి బాగానే తిరుగుతాయి. కానీ నా సేతికొచ్చినవి, పట్టేస్తే ముందు సెప్పకుండా బిగుసుకుపోయి ఆగిపోయినాయి. సముద్రంలో ఆగిపోతే లంగరేసుకుని కూకుంటాం. నువ్వు పైన లంగరు దేనికేస్తావ్?" అన్నాడు. మోటారు సైకిలు ఇంజను అన్నాను. ఇద్దరిని ఎత్తే బలం చాలదు. చివరికి ఆయనే అన్నాడు. "కారింజను పెడదాం సెల్లెమ్మా. ఎండలో, వానలో, ట్రాఫిక్కులో రోజంతా తిరిగీదానికి ఓపిక ఎక్కువ. పార్టులు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. దాని మంచీసెడ్డా మనకి తెలుసు."

కారు ఇంజను విమానానికి నేరుగా పనికిరాదు. అది బలమిచ్చే వేగంలో ప్రొపెల్లర్ తిరిగితే అంచులు గాలిని కొట్టి గోల చేస్తాయి తప్ప విమానాన్ని లాగవు. అందుకని రెండు పుల్లీలు, మధ్యలో బెల్టు పెట్టి వేగం సగానికి తగ్గించాలి. నీళ్ళు, రేడియేటరు అదనపు బరువు. విమాన ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాట్లు రెండుంటాయి, ఒకటి పోతే ఒకటి. కారుకి ఒకటే, అదీ బ్యాటరీ మీద ఆధారం. కాబట్టి రెండో బ్యాటరీ, రెండో పెట్రోలు పంపు పెట్టుకోవాలి. ఇవన్నీ కాగితం మీద వేసి, ఇలాంటి విమానాలు కట్టుకునేవాళ్ళ ఫోన్ గ్రూపులో సలహా అడిగాను. అక్కడ పెద్దమనిషిగా చలామణీ అయ్యే ఒకాయన జవాబు రాశాడు. "కారు ఇంజను దేనికమ్మా, ఇంట్లో కుట్టుమిషను మోటారు ఉంటుంది కదా, అది పెట్టండి." కింద పది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నా లెక్కలో తప్పేమిటో ఒక్కడూ చెప్పలేదు. అదే ఆయన, పెట్టె విప్పిన రోజున నేను ఆ పాత ఇంజను ఫోటో పెట్టినప్పుడు మాత్రం "అద్భుతం" అని రాశాడు. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

ఈసారి కాగితాన్ని నమ్మలేదు. వెనకనుంచి లారీ గుద్దిన ఒక చిన్న కారు ఆటోనగర్‌లో ఉందని తెలిసి భాయ్, నేనూ వెళ్ళాం. వెనక భాగం నుజ్జయింది, ముందు భాగానికి గీత కూడా లేదు. ఇంజను కార్లో ఉండగానే స్టార్టు చేయించి గంటసేపు తిప్పించాం. భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకి, రెండో కొన చెవికి ఆనించి కళ్ళు మూసుకుని విన్నాడు. నేను ప్రతి సిలిండరులో ఒత్తిడి కొలిచాను. అన్నీ సమానంగా వచ్చాకే విప్పమన్నాం.

పుల్లీలు భాయ్ లేత్ మీద తయారవుతుండగా ఒక మంగళవారం సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా షెడ్డుకి వెళ్ళాను. తలుపు తీసి ఉంది. లోపల బావ. ఇంజను దింపించిన రోజు ఇచ్చిన తాళం చెవి అతని దగ్గరే ఉండిపోయింది. అతని పక్కన కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. బల్లమీద ఆ పాత ఇంజను, అన్ని సిలిండర్లూ బిగించి, మళ్ళీ బూడిద రంగు వేసి. ఆ మనిషి దాన్ని గేదెను కొనేముందు నిమిరినట్టు నిమురుతున్నాడు. చేతిలో ఆ లాగ్ బుక్కు.

బావ మొహం మాడిపోయింది. "నువ్వేటి ఇయ్యాల?" అన్నాడు.

నేను ఆ మనిషినే అడిగాను, మీరెవరని. పక్క జిల్లాలో బడిపంతులట. ఒక్కరు కూర్చునే విమానం ఇంటి పెరట్లో కడుతున్నాడట.

"ఈ ఇంజను పగిలింది మాస్టారూ. కొనకండి" అన్నాను.

"ఏటే ఆ మాటలు!" అన్నాడు బావ. "ఆవిడకేటి తెలుసండీ, మా మరదలు, కాస్త కోపం మనిషి..."

గీకుడు కత్తి తీసుకుని రంగు గీకాను. ఎర్ర ద్రవం కొట్టాను, ఆగాను, తుడిచాను, తెల్లపొడి చల్లాను. పావుగంటలో గీత మళ్ళీ బయటికి వచ్చింది. మాస్టారు వంగి చూశాడు. నాకు దండం పెడతాడని కాదు గానీ, ఒక మంచిమాటైనా అంటాడనుకున్నాను. ఆయన నా మీద మండిపడ్డాడు.

"దీనికోసం ఏడాదిగా తిరుగుతున్నాను! రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాను! ఇలాంటిదాన్ని ఇక్కడ ఎందుకు ఉంచారు? పగిలిందని తెలిసిననాడే పారెయ్యొద్దా?"

బావని ఒక్క మాటా అనకుండా, లాగ్ బుక్కు బల్లమీద విసిరి వెళ్ళిపోయాడు. ఆయన అన్నది అన్యాయమే. కానీ అందులో నిజం ఉంది.

బావ నా మీదికి వచ్చాడు. "పదిమందిలో నా పరువు తీసీసినావ్! నీ కోసం కాదేటి నాను తిరుగుతన్నాను?"

"ఆ మనిషి చచ్చిపోయేవాడు బావా!"

"ఎవుడు సచ్చిపోతాడో నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం అదే!"

మూల నిలబెట్టి ఉన్న సమ్మెట తీశాను. బావ వెనక్కి అడుగేశాడు, తనని కొడతాననుకున్నాడేమో. నేను ఇంజనుని కొట్టాను. మొదటి దెబ్బకి రంగు లేచింది. నాలుగో దెబ్బకి ఆ గీత వెంబడే డొక్క రెండుగా విచ్చుకుంది. చెయ్యి పైకి లేవనంతవరకూ కొట్టాను. బావ ఎప్పుడు వెళ్ళిపోయాడో కూడా చూడలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది చెప్తే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "బ్రోకరు మీద కేసెయ్యాలని నానొక లాయర్ని కనుక్కుంతన్నాను. ఆ డొక్కే మన సాక్ష్యం. దాన్నే పగలగొట్టీసినావ్ కదే" అన్నాడు.

లాయరు సంగతి నాకు ముందు చెప్పలేదని అతనితో పోట్లాడాను. కానీ పోట్లాట నా మీద నేను చేసుకుంటున్నదని ఇద్దరికీ తెలుసు. పగులు పట్టిన రోజు తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి ప్రయత్నిద్దాం అన్నాడు లాయరు. పగలగొట్టింది నేనే కదా, పగులు కూడా నేనే చేశానంటే ఏం జవాబు చెప్తామని కూడా అడిగాడు. ఆ కేసు వేయలేదు. ఆ బ్రోకరు ఇప్పటికీ అదే పని చేసుకుంటున్నాడు.

కోపంలో ఉన్నప్పుడు మనిషి చురుగ్గా పనిచేస్తాడని నాకొక నమ్మకం ఉండేది. అదీ ఆ నెలలోనే పోయింది. కారు ఇంజనుని నేలకి బిగించిన ఇనప చట్రం మీద ఎక్కించి, పుల్లీలు, బెల్టు, ప్రొపెల్లర్ పెట్టి తిప్పి చూసే రోజది. పుల్లీ బోల్టుల్ని ఎంత బిగించాలో కొలిచే రెంచితోనే బిగించాలి. ఆ రెంచి క్వార్టర్లో మర్చిపోయి వచ్చాను. వారం ఆగుదామన్నాడు భాయ్. నేను ఆగలేదు. బ్రోకరు, గ్రూపులో పెద్దమనిషి, బావ, అందరికీ ఆ రోజే జవాబు చెప్పాలనిపించింది. మామూలు రెంచికి గొట్టం తొడిగి, బలమంతా పెట్టి బిగించాను.

పది నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగింది. వేగం పెంచాను. ఠాప్‌మని చప్పుడు. ఒక బోల్టు తెగి, పుల్లీ ఒరిగి, బెల్టు జారి ఎగిరింది. వెనక గోడ రేకు చీలింది. భాయ్ తలకీ ఆ చీలికకీ మధ్య జానెడు. ప్రొపెల్లర్ భారం పోయిన ఇంజను ఒక్కసారిగా అరిచింది. స్విచ్ కట్టేశాను.

భాయ్ ఆ రేకు చీలికలో వేళ్ళు పెట్టి చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి, "భాయ్..." అన్నాను.

ఏడేళ్ళలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచాడు. "మాటాడకు! ఆడు రంగేసి దాసినాడని సమ్మెటెట్టి కొట్టినావు. నువ్వు సేసిందేటి? తెలీక సేసినావా? కొలవకుండా బిగించకూడదని నీకు తెలీదా? ఆడికీ నీకూ ఫరక్ ఏటి, సెప్పు!"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు, మొహం మీద కొట్టినట్టయింది. తెగిన బోల్టు ముక్కలు ఏరుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళి భూతద్దం కింద చూశాను. అతిగా బిగించడం వల్ల సాగి తెగిపోయింది. సందేహం లేదు. కొత్త లాగ్ బుక్కు తెరిచి మొదటి పేజీలో ఆ సంగతి నా చేత్తో రాశాను, తప్పు ఎవరిదో కూడా. ఆ పేజీ పట్టుకుని పాతబస్తీలో భాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన లేత్ ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

"టీ తాగుతావా?" అన్నాడు. తాగాను. తర్వాత ఇద్దరం కూర్చుని కొత్త పుల్లీ గీశాం. ఈసారి బోల్టులు ఎక్కువ, బెల్టు ఊడినా బయటికి రాకుండా చుట్టూ ఇనప తొడుగు.

ఆ తర్వాత చట్రం మీద యాభై గంటలు తిప్పాం. పది గంటలకోసారి అన్నీ విప్పి ఎర్ర ద్రవంతో పరీక్షించాను. ఎక్కడా గీత రాలేదు. అయితే తూకం వేస్తే రేడియేటరు, నీళ్ళు, రెండు బ్యాటరీలు కలిపి బరువు దాదాపు ఒక మనిషంత పెరిగింది. ఇద్దరు కూర్చునే విమానంలో ఇక ఒక్కరికే చోటు. రెండో సీటు విప్పుతుంటే ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం, "ఇప్పుడు నన్నెవులూ ఎక్కమని అడగరు" అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాటకీ నాకు కోపమే వచ్చింది.

బావ ఇంకా మాట్లాడడు. మొన్న అక్క కూతురు పెళ్ళిచూపులకి వెళ్తే, నేను గదిలోకి రాగానే లేచి బయటికి పోయాడు. అక్క నన్ను వంటింట్లోకి లాగి, "ఒక్క మాట సారీ సెప్పీరాదా, నీ నోరేటి పడిపోద్దా?" అంది. చెప్పను అన్నాను. సమ్మెట విషయంలో నాది తొందరపాటే. కానీ మాస్టారికి నిజం చెప్పినందుకు నేనెవరికీ క్షమాపణ చెప్పను.

పోయిన ఆదివారం మొదటిసారి ఇంజనుని విమానంలో బిగించి తిప్పాం. ఎగరడానికి అనుమతి కాగితాలు ఇంకా నడుస్తున్నాయి, దానికి చాలా దూరం ఉంది. తోకని ట్రాక్టరుకి మోకుతో కట్టి, చక్రాల ముందు బండరాళ్ళు పెట్టి, నేను లోపల కూర్చున్నాను. ప్రొపెల్లర్ గాలికి మిల్లు ఆవరణలో ఎండుటాకులన్నీ లేచాయి. మోకు బిగిసింది. విమానం ముందుకు గుంజుతుంటే వెన్నులో తెలిసింది. భాయ్ రెక్క పక్కన నిలబడి చెయ్యి పైకెత్తాడు, ఇంకా పెంచమని. పెంచాను. పన్నెండో నిమిషంలో నీళ్ళ వేడి ముల్లు ఎర్ర గీతకి దగ్గరయింది. ఈ ఎండల్లో రేడియేటరుకి గాలి చాలడం లేదు. ఛీ అనుకుని స్విచ్ కట్టేశాను.

"ఇంకేటయింది?" అని అరిచాడు భాయ్.

"గాలి చాలట్లేదు. గాలి దూరే మూతి పెద్దది చెయ్యాలి."

"సేద్దాం. దిగు."

దిగి, ఇంజను చల్లారేవరకూ ఆగి, రేడియేటరు బోల్టులు విప్పడం మొదలుపెట్టాను.